అద్దె ఇంట్లో పోకూడదంట

మా నాయన ప్రాణం ఏ ఊళ్లో పోవచ్చో అడగడానికి మేం ముగ్గురు తోబుట్టువులం మూడు ఊళ్లలో ఇంటి ఓనర్లను బతిమాలుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తంబళ్లపల్లె దగ్గర మాకు చేనుండేది. బోర్లన్నీ ఎండిపోయాక వేరుశనగను నమ్ముకుని ఎవరుంటారు? అన్న కుప్పం చేరాడు. పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు. చెల్లెలు పుంగనూరులో బట్టలు కుడుతుంది. నేను మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరుతాను. ఊళ్లో ఇంటికప్పు కూలిపోయాక నాయన నా దగ్గరికొచ్చాడు. ముగ్గురివీ అద్దె ఇళ్లే.

నాయనకు జబ్బు ముదిరితే ఆసుపత్రిలో "ఇంక ఇంటికి తీసుకుపోండి" అన్నారు. ఆటో ఆగీ ఆగకముందే మా ఓనరమ్మ గేటుకు అడ్డం నిలబడింది, చేతిలో క్యాలెండరుతో.

"తప్పుగా అనుకోవద్దమ్మా. ఈ వారం నచ్చత్రాలు బాగలేవు. ఈడేమన్నా అయితే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టల్ల. మేమేం గావల్ల?"

ఆ పట్టింపు మా ఊళ్లోనూ ఉంది. ధనిష్ఠా పంచకంలో మనిషి పోతే ఇంటికి తాళం వేసుకుని, ఆరు నెలలూ పక్కింటివాళ్ల వసారాలో వండుకు తినేవాళ్లు. చస్తున్న మనిషిని గడప బయట నిలబెట్టడం మాత్రం నేనెరగను. ఈమె ఏడుపంతా అద్దె ఆగిపోతుందని!

అక్కడినుంచే చెల్లెలికి ఫోన్ చేశాను. వాళ్ల ఓనరుదీ అదే మాట. అన్న వాళ్ల ఓనరైతే "మీ ఊరికే తీసుకుపోండప్పా" అన్నాడంట. ఏ ఊరికి తీసుకుపోవాలి? మేం లేనిదే ఈ టౌన్లలో గోడ లేవదు, టమోటా పెట్టె కదలదు. పనికి మేం కావాలి, అద్దెకు మేం కావాలి, చావడానికి మాత్రం ఇంకెక్కడికైనా పోవాలి. సిగ్గుండాలి మనుషులకు.

"ఖాళీ చేయిస్తావా? చేయించుకో పో!" అని అరిచి, గేటు తోసి, ఆటో అతని సాయంతో నాయన్ని లోపలికి మోసుకొచ్చాను. వీధి వీధంతా వాకిళ్లలోకొచ్చి చూసింది.

నాయన పోలేదు. గంజి తాగి మెల్లగా తేరుకున్నాడు. ఓనరమ్మ నాతో మాట్లాడటం మానేసింది, అదొక సుఖం. కానీ ఆ రోజు ఆటోలో కళ్లు మూసుకుని పడుకున్న మనిషి అంతా విన్నాడు. ఇప్పుడు రోజూ నేను మార్కెట్‌కు బయలుదేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటాడు.

"ఈ పొద్దు నచ్చత్రం బాగుండాదా అమ్మా? పోతే నీకేం ఇబ్బంది లేదు గదా?"