పిన్ని పెద్ద గరిటె

బస్సు డిపో క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడను అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఆవిడకన్నా నాలుగేళ్లు పెద్దవాడైన హెడ్ మెకానిక్ కూడా అలాగే పిలుస్తాడు. పిన్నికి కోపం ముక్కు మీద ఉంటుంది, ప్రేమంతా గరిటెలో ఉంటుంది. ఆ గరిటె మామూలుది కాదు. ఒక్కసారి బోర్లించిందంటే పళ్లెంలో సగం కనిపించదు. "చాలు పిన్నీ" అని చెయ్యి అడ్డం పెట్టినవాడి వేళ్ల మీద కూడా అన్నం పడిన రోజులున్నాయి. పెట్టే దగ్గర పీనాసితనం అంటే ఆవిడకు ఒళ్లు మంట.

చిక్కంతా చేతులు కడుక్కునే తొట్టి పక్కనున్న నీలం బకెట్టుతో వచ్చింది. తినగా మిగిలింది అందులో వేస్తారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి దానికి మూత పట్టేది కాదు. ఒకరోజు డిపో మేనేజరు వచ్చి, దాన్ని రెండు చేతులతో ఎత్తబోయి, ఎత్తలేక వదిలేశాడు.

"ఇరవై మంది కడుపు నింపే తిండి ఇది! నెలాఖరుకల్లా సగానికి తగ్గకపోతే వంటగది మూసేసి బయటినుంచి పొట్లాలు తెప్పిస్తానమ్మా" అన్నాడు.

పిన్ని పద్దెనిమిదేళ్లుగా పొద్దున్నే తాళం తీసి ఆ పొయ్యిల ముందు నిలబడుతున్న మనిషి. అది పోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడమే. పారేసేవాళ్ల పని పట్టాలనుకుని, మర్నాటినుంచి వడ్డన కాగానే స్టూలు లాక్కుని బకెట్టు పక్కనే కూర్చునేది.

"పారెయ్యడానికా నేను పొద్దున్నే లేచి చచ్చేది? పండించినవాడు చూస్తే ఏమనుకుంటాడు?" అని వచ్చినవాడినల్లా నిలబెట్టి కడిగేసేది.

వారం తిరక్కుండానే బకెట్టు అడుగు కనిపించింది. పిన్ని మేనేజరును పిలుచుకొచ్చి మరీ చూపించింది. ఆయన మెచ్చుకోగానే ఇక ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ సంబరాన్ని పిల్లులు చెడగొట్టాయి. పాత టైర్ల గుట్ట దగ్గర తిరిగే మూడు బక్క పిల్లులు ఉన్నట్టుండి దిండ్లలా తయారయ్యాయి. అనుమానం వచ్చి గుట్ట వెనక్కి వెళ్లి చూస్తే, ఒకటా రెండా, అన్నీ న్యూస్‌పేపర్ పొట్లాలు. విప్పితే తన అన్నమే, తన కూరే. సరిగ్గా అప్పుడే హెడ్ మెకానిక్ చొక్కా కింద ఏదో దాచుకుని వచ్చి, ఆవిడను చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్వు కూడానా?"

"తిట్టకు పిన్నీ. అంత తినలేం. ఆ మాట నీతో అనే ధైర్యం ఎవడికుంది?"

పిన్నికి తల తీసేసినట్లయింది. ఇంటికెళ్లి, గడియారం బాగుచేసుకుంటున్న భర్త ముందు కూలబడింది.

"నా వంట ఎవరికీ నచ్చడం లేదండీ. దొంగచాటుగా పారేస్తున్నారు."

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. "వంటకేం, అమృతం. వడ్డనంటేనే భయం. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చాలన్నాను, గుర్తుందా? రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచీ పెట్టిందల్లా తినేస్తున్నాను."

పిన్ని ఆయన పొట్టకేసి చూసింది. ముప్పై ఏళ్లుగా అది తన చేతివంట గొప్పతనం అనుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. "ఖాళీ బకెట్టు అబద్ధం సార్. మిగిలిందంతా టైర్ల వెనక ఉంది. తప్పు వాళ్లది కాదు, నా చేతిది. నెలాఖరు దాకా గడువిచ్చారుగా, అప్పటిదాకా ఆగండి."

"ఆ పిల్లుల్ని చూసి నాకూ అనుమానంగానే ఉందమ్మా" అన్నాడాయన.

పెద్ద గరిటె మేకుకు వేలాడింది. పిన్ని చిన్న గరిటె పట్టుకుని, "ఎంత పెట్టను? కావాలంటే మళ్లీ రండి, సిగ్గుపడకండి" అంటుంటే, ఆవిడ అలిగిందనుకుని మొదటిరోజు అందరూ గుటకలు మింగారు. నాలుగో రోజుకు నమ్మకం కుదిరింది. ఆకలున్నవాడు రెండుసార్లు వచ్చాడు, లేనివాడు గరిటెడుతో తృప్తిగా లేచాడు. పదిహేను రోజులకు ఆవిడ పొయ్యి మీద గిన్నె సైజు కూడా తగ్గించింది. నెలాఖరున మేనేజరు ఒంటి చేత్తో బకెట్టు ఎత్తి చూశాడు, టైర్ల వెనక కూడా చూసి వచ్చాడు. బయటి పొట్లాల ఊసెత్తకుండా తనే ఒక పళ్లెం తీసుకుని వరుసలో నిలబడ్డాడు. పిల్లులు మాత్రం అలిగి, ఎలుకలు పట్టే పాత ఉద్యోగానికి తిరిగి వెళ్లాయి.

ఆ సాయంత్రం ఇంట్లో కూడా పిన్ని చిన్న గరిటె తీసింది.

"ఎంత పెట్టను?"

భర్త తెల్లబోయాడు. తన ఆకలి ఎంతో తనకే తెలియనట్టు కాసేపు ఆలోచించి, "ఒక్క గరిటె చాలు" అన్నాడు. నింపాదిగా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తిని, ఖాళీ పళ్లెం ముందుకు జరిపాడు.

"ఇంకొంచెం వెయ్యి."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట పిన్ని ఎన్నడూ వినలేదు. అడిగే సందు తనెప్పుడిచ్చింది గనక! కళ్లు తుడుచుకుని, గిన్నె దగ్గరికి లాక్కుని, ఇంకొంచెమే వేసింది.