నాలుగేళ్లు నిద్రపోయిన బిడ్డ

ఘాలియా కడుపులో బిడ్డ నిద్రపోతున్నాడని గుల్మీమ్ ఊళ్లో నాలుగు వీధుల ఆడవాళ్లు నాలుగేళ్లు నమ్మారు. నెల తప్పి తొమ్మిది నెలలు దాటినా కాన్పు రాకపోతే మా ఎడారి అంచు ఊళ్లలో ఎవరూ కంగారుపడరు. బిడ్డకు నిద్ర పట్టిందంటారు. ఏడాదికి లేస్తాడో అయిదేళ్లకు లేస్తాడో వాడి ఇష్టం. అంతవరకు తల్లిని గొడ్రాలనడానికి ఎవరికీ నోరు రాదు, ఖాజీతో సహా. వినడానికి చల్లగానే ఉంటుంది. ఆ చల్లని మాట కింద ఒక ఆడమనిషి ఒంటిని ఎలా పాడుచేశారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెళ్లికి ముందు ఘాలియా మేకల వెంట తిరిగిన పిల్ల. గుడారం నుంచి నూతికి, నూతి నుంచి పచ్చిక ఉన్న చోటికి, రోజుకు మూడు కోసుల నడక. బార్లీ రొట్టె, మజ్జిగ, దొరికితే గుప్పెడు ఖర్జూరాలు తినేది. నెలసరి చెప్పిన రోజుకు వచ్చి, చెప్పిన రోజుకు పోయేది. దాని గురించి ఆలోచించాల్సిన పనే ఉండేది కాదు.

ఇరవై నాలుగో ఏట ఒంటెల సంతలో బేరాలు చేసే సాలెక్‌కిచ్చి పెళ్లి చేశారు. అత్తగారు ఇజ్జా కొత్త కోడల్ని తల నుంచి కాళ్ల దాకా చూసి ఒకటే మాట అంది.

"మేకల్ని కాయమంటే మేకయి వచ్చిందే ఇది. దీన్ని చూసినవాళ్లు మా ఇంట్లో పొయ్యి వెలగదనుకుంటారు."

సన్నటి కోడలంటే మా వాళ్లకు తలవంపులు. ఆ మర్నాటి నుంచే మేపడం మొదలైంది. పొద్దున్నే వెన్నా చక్కెరా కలిపిన గోధుమ రవ్వ జావ గిన్నెడు. దానిమీద మూడు గ్లాసుల తీపి టీ. మధ్యాహ్నం మళ్లీ గిన్నె, సాయంత్రం మళ్లీ గిన్నె. మూలికల అంగడివాడు కట్టిచ్చే పొడి ఒక చెంచా. అందులో మెంతులతో పాటు తెల్ల బిళ్లలు కూడా నూరి కలిపేవాడు ఆ దుర్మార్గుడు. గొడ్లకు వాపులు తగ్గడానికి వేసే బిళ్లలవి. పది రోజుల్లో ముఖం ఉబ్బుతుంది, దాన్నే ఒళ్లు చేయడమంటారు. పని ముట్టుకోనిచ్చేవారు కాదు, గడప దాటనిచ్చేవారు కాదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇజ్జా ఎదురుగా కూర్చునేది.

"వద్దత్తా, వాంతి వస్తోంది."

"కక్కితే మళ్లీ వండుతా. మా ఇంట్లో రవ్వకు కొదవ లేదు."

రెండేళ్లలో ఘాలియా బరువు రెట్టింపయింది. చుట్టాలు మెచ్చుకున్నారు. నెలసరి మాత్రం మొదట నలభై రోజులకు జరిగింది, తర్వాత మూడు నెలలకు, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. తలుపు గడియ పెట్టుకుని దారంతో పీక్కునేది. మెడ వెనక చర్మం నల్లగా మందంగా తయారైతే ముసుగు లాక్కుని దాచుకునేది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు.

నెల తప్పిందని ఇంట్లో పండగ చేసుకున్నారు. తొమ్మిది నెలలు దాటాయి, పదీ దాటింది. పదకొండో నెలలో ఇజ్జా ఆడవాళ్లందరినీ పిలిచి, కోడలి పొట్ట మీద అరచెయ్యి వేసి, "నిద్రపోయాడు" అని ప్రకటించింది.

ఆ మాట అనే హక్కు ఇజ్జాకే ఉందని ఊరు ఒప్పుకుంది. సాలెక్ కూడా అలా నిద్రపోయి పుట్టినవాడే. తండ్రి ఫ్రాన్సులో బొగ్గు గనులకు వెళ్లిన రెండున్నరేళ్లకు పుట్టాడు. ఖాజీ ఒప్పుకున్నాడు, సెలవులకు వచ్చిన తండ్రీ ఒప్పుకున్నాడు. "నా కొడుకు నా పోలికే" అని సాలెక్ సంతలో మీసం దువ్వుకున్నాడు. చుట్టాలు కానుకగా చక్కెర దిమ్మలు మోసుకొచ్చారు. నిజం చెప్పాలంటే ఘాలియాకు కూడా మొదట్లో హాయిగానే ఉంది. పక్కింట్లో పిల్లల్లేని కోడలి నెత్తిన మూడో ఏడు తిరక్కుండానే సవతిని తెచ్చిపెట్టారు. ఘాలియా జోలికి ఎవరూ రాలేదు.

నాలుగో ఏట ఒక ఉదయం ఊరి ఆడవాళ్లంతా వెళ్లే స్నానాల ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయింది. అక్కడి ఆడవాళ్లు ఇజ్జాకు కబురు పంపకుండా నేరుగా ప్రభుత్వ దవాఖానాకు తీసుకెళ్లారు. అక్కడి నర్సు జుబైదా మొరటు మనిషి. స్కానింగ్ చేసి, రక్తం పరీక్ష చేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్నో నెలంటున్నారు?"

"నాలుగేళ్లు కావస్తోందక్కా. నిద్రపోతున్నాడు."

"ఎవరూ నిద్రపోవట్లేదు. ఏ కడుపులోనూ బిడ్డ ఏళ్ల తరబడి ఉండడు. నీకు ఏనాడూ కడుపు రాలేదు. ఏం తింటున్నావో చెప్పు."

ఘాలియా చెప్పుకుపోతుంటే జుబైదా ముఖం ఎర్రబడింది.

"నిన్ను చంపుతున్నారే పిల్లా. ఆ చక్కెరంతా ఎక్కడికి పోతుందనుకున్నావు? ఒంట్లో కొవ్వు ఊరికే మూల కూర్చోదు, దాని హార్మోన్లు అది పుట్టిస్తుంది. చక్కెరను అణచడానికి ఒళ్లు ఇంకోరకం హార్మోను గుమ్మరిస్తుంది. రెండూ కలిసి అండాన్ని పండనివ్వవు. అండం పండకపోతే నెలసరి ఎలా వస్తుంది? పైన ఆ గొడ్ల బిళ్లలొకటి. వాటిని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ప్రతి సోమవారం నా దగ్గరికి రా, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గిస్తాను. మిగతాది నీ చేతిలో ఉంది. నడువు. బార్లీ తిను, పప్పు తిను, చేపలు తిను. చక్కెర ముట్టుకోకు."

"నడవనివ్వరక్కా. బిడ్డ ఉలిక్కిపడతాడంటారు."

"అయితే ఏదో ఒక అబద్ధం చెప్పు. వాళ్లు చెప్పలేదా?"

ఘాలియా బాగా ఆలోచించుకుంది. ఊరికి కోసున్నర దూరంలో పుణ్యపురుషుడైన ఒక వలీ సమాధి ఉంది. బిడ్డ లేచేదాకా రోజూ కాలినడకన అక్కడికి వస్తానని, బార్లీ తప్ప గోధుమ ముట్టనని, తీపి విడిచిపెడతానని మొక్కుకున్నట్టు ఇంట్లో చెప్పింది. మొక్కును కాదనే ధైర్యం ఇజ్జాకు కూడా లేదు. కానీ రోజూ గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టేది.

"నడిచి నడిచి వాణ్ణి జార్చావో, నీ చర్మం ఒలిచి గుమ్మానికి కడతా."

మొదటి వారం సగం దారిలోనే కూలబడింది. నెల తిరిగేసరికి సమాధి దాకా వెళ్లగలిగింది. టీలో చక్కెర లేకపోతే తలనొప్పి, చిరాకు, ఏడుపు వచ్చేవి. ఓర్చుకుంది. మొక్కు పేరు చెప్పి అంగడి పొడి మానేసి, సోమవారాలు సమాధి దారిలో జుబైదా కొలిచి ఇచ్చే బిళ్లలే వేసుకుంది; అవీ తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. నడక మొదలెట్టిన ఎనిమిదో నెలలో ఒక పొద్దున సమాధి గోడ పక్కన కూర్చుని లేచేసరికి బట్ట నెత్తురుతో తడిసింది. అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చింది. అది సంతోషమే. కానీ ఈ సంగతి బయటపడిన రోజు తన కాపురం ఏమవుతుందోనన్న భయం కూడా అందులో ఉంది. రెండు నెలలు గుడ్డలు దొంగచాటుగా ఉతుక్కుంది.

మూడో నెల నెలసరి వచ్చింది సరిగ్గా శుక్రవారం, ఇంటినిండా ఆడవాళ్లు కుస్కుస్ భోజనానికి వచ్చిన పూట. ఒకావిడ ఘాలియా పొట్ట తడిమి చూసి, "తగ్గిందేంటే ఇజ్జా?" అంది. "అటు తిరిగి పడుకున్నాడు," అంది ఇజ్జా. ఘాలియా నొప్పికి తట్టుకోలేక వంటింట్లోకి వెళ్లింది. ఇజ్జా వెనకే వచ్చింది, కోడలు ఒంటికి చుట్టుకున్న బట్ట వెనక మరక చూసింది, తలుపు మూసింది.

"చంపేశావు," అంది పళ్ల బిగువున. "నా మనవణ్ణి చంపేశావు. సాలెక్ రానీ, ఇవాళే నిన్ను మీ అయ్య గుడారానికి తోలిస్తా."

"తోలించు. పోయే ముందు దవాఖానాలో చెప్పిన మాట అందరి ముందూ చెప్పిపోతాను. ఏ కడుపులోనూ ఏళ్ల తరబడి బిడ్డ నిద్రపోడట. సాలెక్‌ను కూడా పిలువు, వింటాడు."

ఇజ్జా చెయ్యెత్తింది కానీ కొట్టలేదు. పీట మీద కూలబడింది.

"నీ కడుపులో ఏమీ లేదని నాకు మొదట్నుంచీ తెలుసు. నా కడుపున సాలెక్ పడ్డప్పుడు మా అన్నలు కత్తి నూరారు. ముసలి మంత్రసాని నిద్రపోయాడంది. ఆ ఒక్క మాట మీద బతికాను. రెండేళ్లయినా నీకు కాన్పు రాకపోతే వాడు రెండోదాన్ని తెస్తానన్నాడు. అదే మాట తెచ్చి నీ మీద కప్పాను. పొట్ట కనపడాలి కదా, అందుకే ఇంకా మేపాను."

"నువ్వు మేపబట్టే నాకు కాన్పు రాలేదత్తా. నువ్వు పెట్టిన గిన్నే నా నెలసరిని ఆపేసింది. గిన్నె మానేసి నడిస్తే మళ్లీ వచ్చింది. అర్థమవుతోందా నీకు?"

ఇజ్జా అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆమె ముఖం మెల్లగా మారింది.

"నడిస్తే వచ్చిందా?"

"వచ్చింది. ఇది మూడో నెల."

"నన్నూ మా అత్త ఇలాగే మేపింది," అంది ఇజ్జా. "నాకూ ఆగిపోయింది. మూడేళ్లు ఆయనతో కాపురం చేస్తే ఒక్కసారీ కడుపు రాలేదు. ఆయన వెళ్లిపోయి డబ్బు పంపడం మానేశాక, గింజ లేక పొలాల్లో కూలికి పోయాను. అప్పుడు నెలసరి మళ్లీ వచ్చింది. ఎందుకొచ్చిందో నాకెవరూ చెప్పలేదు. ఆయన పక్కన ఉన్నప్పుడు ఆయన బిడ్డను కననివ్వనిది ఆ గిన్నేనన్నమాట."

పక్క గదిలోంచి టీ కోసం కేకేస్తున్నారు. ఘాలియా అడగాల్సింది అడిగింది.

"సాలెక్ రెండోదాన్ని తెస్తానంటే?"

"అలా అంటే, వాడు ఎవరి బిడ్డో వాడికి నేనే చెబుతాను. నీ మీద ప్రేమనుకోకు. నువ్వంటే నాకు ఈనాటికీ పడదు."

ఇజ్జా లేచి, ముసుగు సర్దుకుని ఆడవాళ్ల మధ్యకు వెళ్లింది. బిడ్డ లేడని, ఎప్పుడూ లేడని, కోడలి ఒంటిని పాడుచేసింది తన చేతులేనని నిలబడి చెప్పింది. అందరికంటే పెద్దావిడ, "మరి సాలెక్ సంగతేంటే?" అని అడిగింది. ఇజ్జా ఆమె కళ్లలోకి సూటిగా చూసి, "వాడడిగితే వాడికే చెబుతా," అంటూ చక్కెర వేయని టీ గ్లాసు ఆమె చేతికిచ్చింది.