పరాయి ఊళ్ళో పది కిలోమీటర్లు

పరవాడ మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం దొరికి అనంతపురం నుంచి విశాఖపట్నం వచ్చేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఒంటరిదాన్ని. దువ్వాడలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. భాష ఒకటే కదా, పరాయి ఊరు ఎలా అవుతుందిలే అనుకుని బయల్దేరాను. మొదటి వారంలోనే తెలిసొచ్చింది. కూరల దుకాణంలో ఉల్లిపాయల కోసం "ఎర్రగడ్డలు యాడ పెట్టినారక్కా?" అని అడిగితే, ఆవిడ "ఏటి?" అంది. నన్ను కసురుకుందనుకున్నాను. ఇక్కడ అందరూ అలాగే అంటారనీ, అందులో కోపమేమీ లేదనీ తెలియడానికి చాలా నెలలు పట్టింది. ఆలోగా నోరు తెరవడమే తగ్గించేశాను. కంపెనీ బస్సు, ల్యాబ్, మళ్ళీ బస్సు, గది. ఆదివారాలు మరీ కష్టంగా గడిచేవి.

ఒకరోజు బస్సులో నా సీటు ముందు ఒక కాగితం అంటించి ఉంది. బీచ్ రోడ్డులో పది కిలోమీటర్ల పరుగు, ఎవరైనా రావచ్చు అని. 'ఎవరైనా' అన్న మాటకే నేను పడిపోయాను. బళ్ళో చదివేటప్పుడు బాగానే పరిగెత్తేదాన్ని. ఆరు వారాలు రోజూ పొద్దున్నే దువ్వాడ స్టేషన్ రోడ్డు మీద సాధన చేసి, సిద్ధమైపోయాననుకున్నాను.

పరుగు రోజున అందరూ గుంపులు గుంపులుగా నవ్వుకుంటూ నిలబడ్డారు. నాకిచ్చిన నంబరు కాగితం ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. పక్కన అరవై దాటిన సన్నటి పెద్దాయన ఒకరు తెల్ల క్యాన్వాసు బూట్లు బిగించుకుంటున్నారు. "ఇది యాడ పెట్టుకోవల్ల చిన్నాయనా?" అని అడిగాను.

ఆయన తలెత్తి చూసి నవ్వారు. "సీమ నుంచొచ్చేవేటమ్మా? పొట్ట మీద ఎట్టుకో, నంబరు కనపడాల. మొదట్లోనే జోరు సెయ్యకు. ఇది సముద్రపు గాలి, ఊపిరాడనివ్వదు."

నేను వినలేదు. అందరితో పాటు దూసుకెళ్ళాను. మా ఊరి ఎండకు చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఇక్కడ ఆరనే ఆరదు. నాలుగో కిలోమీటరుకు కళ్ళు మసకబారాయి. ఏడో కిలోమీటరుకు నడక. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే మనుషులెవరూ లేరు. ఒక అంబులెన్సు మాత్రం నా నడకకు తగ్గట్టు మెల్లగా వస్తోంది. "ఎక్కుతారా మేడమ్?" అని డ్రైవరు అడిగాడు. తల అడ్డంగా ఊపాను. నీళ్ళ బల్లలు మడిచేస్తున్నారు. రోడ్డు మీదకి బస్సులు కూడా వదిలేశారు. సిగ్గుతో ఫుట్‌పాత్ ఎక్కి నడిచాను.

చివరికి చేరేసరికి, గాలి నింపి నిలబెట్టిన ద్వారం సగం వంగిపోయి ఉంది. దాని కింద ఆ పెద్దాయన నిర్వాహకులతో గట్టిగా మాట్లాడుతున్నారు.

"ఇంకో మనిషి వత్తందని సెప్తన్నానా? ఆ గాలి తియ్యకండి బాబూ! పది నిముషాలు ఆగితే ఏటి పోద్ది?"

నేను తల వంచుకుని ఆ ద్వారం కిందనుంచి దూరి వచ్చాను. ఆయనే పెట్టెలోంచి ఒక పతకం తీసి నా చేతిలో పెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుత్తన్నావేటి? పదీ నీ కాళ్ళతోనే వచ్చేవు కదేటి!"

ఆయన ఎప్పుడో పరుగు ముగించేశారట. పద్మనాభం వైపు పల్లె ఆయనది. నాకోసం రెండు బస్సులు వదిలేసుకున్నారని తర్వాత మాటల్లో తెలిసింది. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. "ముప్పయ్యేళ్ళు ఆ క్యాబిన్లో కూకునే ఉన్నాను. కాళ్ళున్నాయో లేవో కూడా మర్సిపోయేను. ఇప్పుడు గుర్తుసేసుకుంతన్నాను," అన్నారు.

ఆ తర్వాత రెండేళ్ళు ఊళ్ళో ఎక్కడ పరుగు పెట్టినా ఇద్దరం వెళ్ళాం. బీచ్ రోడ్డు, స్టీల్ టౌన్‌షిప్, ఏదైనా సరే. సగం దూరం వరకూ ఓపిక దాచుకోవడం, టోపీ తడిపి పెట్టుకోవడం, ఉప్పు వేసిన నిమ్మరసం గుక్క గుక్కగా తాగడం ఆయనే నేర్పారు. రెండో ఏడాదికి నా వెనక కూడా బోలెడంతమంది ఉండేవారు.

ఒక ఆదివారం వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ఆయన భార్య ఒక గ్లాసు చేతిలో పెట్టి, "సోడంబలమ్మా, తాగు," అంది. ఏమిటో అర్థం కాలేదు. గుక్క తాగగానే మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది.

"ఇవి రాగులు కదా చిన్నమ్మా!"

"రాగులేటి? సోళ్ళు!"

చాలాసేపు వాదించుకుని నవ్వుకున్నాం. ఈ ఊరొచ్చాక నేనంత నవ్వింది అదే మొదటిసారి.

తర్వాత పెద్దాయనకు తమ ఊళ్ళోనే ఒక పరుగు పెట్టాలని బుద్ధి పుట్టింది. బడి దగ్గర మొదలుపెట్టి కాలవ తూము దాకా వెళ్ళి రావడం, మొత్తం ఐదు కిలోమీటర్లు. వాళ్ళింట్లో కూర్చుని పేర్ల కాగితం నాకు చూపించారు. అందరూ మగవాళ్ళే. "ఆడోళ్ళేరీ?" అన్నాను. ఆయన తల గోక్కుని వంటింటి వైపు చూశారు.

"నానేటి, పరిగెట్టడమేటి! ఊరంతా నవ్విపోద్ది," అంది చిన్నమ్మ.

"నేనూ నీ వెంబడే వస్తా. నవ్వితే ఇద్దర్నీ నవ్వనీ," అన్నాను.

ఆ పొద్దున ఆమె చీర ఎగ్గట్టి, భర్త పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని వచ్చింది. మగవాళ్ళంతా ముందుకెళ్ళిపోయారు. మేం కాసేపు పరుగు, కాసేపు నడక. టీ కొట్టు దగ్గర ఒకాయన కేకేశాడు. "ఏటొదినా, అన్న తరుముతన్నాడేటి?"

"నీ పెళ్ళాన్ని కూడా అంపు, కలిసి పరిగెడతాం!" అని చిన్నమ్మ ఆగకుండానే జవాబిచ్చింది.

తూము దగ్గర మలుపు తిరిగాక ఆమె ఆగిపోయింది. కడుపులో నొప్పేమో అని నేను కంగారుపడ్డాను. ఆమె రోడ్డు వైపు, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూస్తోంది.

"పెళ్ళయి వచ్చినకాడి నుంచి ఈ రోడ్డు మీద నాను నడవని రోజు లేదు," అంది. "గడ్డిమోపో, నీళ్ళ బిందో, ఎరువు తట్టో, ఎప్పుడూ నెత్తి మీద ఏదో ఒకటుండీది. ఖాళీ సేతుల్తో ఎల్లడం ఇదే మొదలమ్మా."

ఆమె కొంగు బిగించి మళ్ళీ పరుగు అందుకుంది. ఈసారి నేనే వెనకబడ్డాను. పొలాల్లోంచి ముగ్గురు ఆడవాళ్ళు గట్టు దిగి వచ్చి నవ్వుతూ మాతో కలిశారు.

మేం బడి చేరేసరికి మగవాళ్ళు ఉప్మా తింటున్నారు. వడ్డిస్తున్న పెద్దాయన భార్యను చూసి గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"సూసేవేటి?" అంది ఆమె ఆయాసపడుతూ.

"సూసేను," అన్నారాయన.

కొన్నాళ్ళకి మా కంపెనీవాళ్ళు బెంగళూరు శాఖకు వెళ్తారా అని నన్ను అడిగారు. అక్కణ్ణుంచి మా ఊరు కొన్ని గంటల ప్రయాణమే. వచ్చిన కొత్తలో అయితే ఎగిరి గంతేసేదాన్ని. ఒక రోజు గడువు అడిగి, వెళ్ళనని చెప్పేశాను. ఇంట్లోవాళ్ళకి పని బాగుందని చెప్పాను. అది సగమే నిజం.

మిగతా సగం ఆ దంపతులకు చెప్పాలని వాళ్ళ పల్లెకు వెళ్ళాను. మీవల్లే నాకీ ఊళ్ళో మనుషులున్నారు అంటూ ఏదో మొదలుపెట్టాను. మాట పూర్తి కాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన ఇబ్బందిగా అటూ ఇటూ చూసి లేచారు.

"సాల్లే తల్లీ. బస్సొచ్చే ఏళయింది, అన్నం తినేసి ఎల్లు."

చిన్నమ్మ అప్పటికే కంచం పెట్టేసింది.