బోణీకి అమ్మిన మందు

జ్వరం తగ్గగానే మీరు మానేసిన యాంటీబయాటిక్ మాత్రలు ఇప్పుడు మీ ఇంట్లో ఏ డబ్బాలో ఉన్నాయి?

తొంభైల నడుమ, మా ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైకి మారుతున్న రోజుల్లో, కాలేజీ చర్చాపోటీ వేదిక మీద నేను ఇదే ప్రశ్న వేసి చప్పట్లు కొట్టించుకున్నాను. మా నాయనకు ఉత్తర చెన్నైలో మందుల అంగడి ఉందని ఆ సభలో ఎవరికీ తెలియదు. చెప్పడానికి నాకు సిగ్గు. ఆ సిగ్గు నాయనను చూసి కాదని నాతో నేనే చాలాకాలం వాదించుకున్నాను. ఆ వాదం నిలబడలేదు.

మా వీధిలో వర్తకం చేసే తెలుగు కుటుంబాలన్నీ పాటించే నియమం ఒకటుంది. పొద్దున్నే మొదట వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదు. గుడ్డల అంగడికైనా పప్పుల మండీకైనా అది మర్యాదే. మందుల అంగడిలో ఆ మర్యాద కత్తెర పట్టుకుంటుంది. డాక్టరు చీటీ లేకుండా వచ్చినవాళ్లకు కూడా నాయన అట్టలోంచి రెండు యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు కత్తిరించి ఇచ్చేవాడు. ఒక పొద్దున ఆయనకు అడ్డుపడ్డాను.

“బోణీ బేరం, అమ్మణ్ణీ. పొద్దున్నే లేదంటే దినమంతా అంగడి పండుకుంటాది. కాలేజీలో కప్పు కొడితివి, సరే. ఈడ జడ్జి ఎవురు?” అన్నాడు నాయన.

మాత్రలకు వచ్చిన మనిషి కూడా నవ్వాడు. నేను కాలేజీ బస్సుకు వెళ్లిపోయాను.

అప్పుడు నేను బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ఫాస్ఫేటును ఒకచోటి నుంచి తీసి మరొకచోట తగిలించే ఎంజైములంటే నాకు ఇష్టం. కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి అవి ఒక ఫాస్ఫేటును తీసుకుంటాయి. దాన్ని గ్లూకోజుకు తగిలిస్తే ఆ గ్లూకోజు కణం దాటి బయటికి పోలేదు. మరో ప్రోటీనుకు తగిలిస్తే అది పని మొదలుపెడుతుంది, లేదా ఆపుతుంది. మన ఒంట్లో ఇన్ని పనులు నడిపే ఈ పద్ధతినే కొన్ని బాక్టీరియాలు ఆత్మరక్షణకు వాడుకుంటాయి. కానమైసిన్ వంటి మందు లోపలికి రాగానే వాటి ఎంజైము దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. బాక్టీరియా ప్రోటీన్లు తయారుచేసుకునే చోటును ఆ మందు ఇక పట్టుకోలేదు. మందు ఉంటుంది, కానీ పనిచేయదు. పైగా ఈ విద్యకు కావలసిన జన్యువును ఒక బాక్టీరియా పక్కదానికి అందించగలదు.

నాయనకు షుగరు ఉంది. ఆ ఏడు చెప్పు కరిచి కుడికాలి బొటనవేలు పక్కన చిన్న పుండు పడింది. అంగట్లో అమ్మే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పొడిని దాని మీద చల్లుకునేవాడు. పుండు కాస్త ఆరితే మానేసేవాడు, చెమ్మగిల్లితే మళ్లీ చల్లేవాడు. డాక్టరు దగ్గరికి పొమ్మని అమ్మ పోరితే, ఇన్ని మందులు పెట్టుకుని తనే డాక్టరు వాకిట్లో కూర్చుంటే జనం నగతారని అనేవాడట. ఇదంతా నాకు ఆసుపత్రిలోనే తెలిసింది. అప్పటికి పాదమంతా వాచి నాయన అక్కడ చేరాడు; కానమైసిన్ సూదులు వేస్తున్నా జ్వరం దిగలేదు.

“నీకు చెప్పొద్దన్నాడే. తెలిస్తే నువ్వు వాదనకు దిగుతావని, అంగడి వెనకాల కూచోని చల్లుకునేవాడు” అంది అమ్మ.

ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా తండ్రి పుండు కన్నా నా వాదనకే ఎక్కువ భయపడ్డాడు.

చీము పరీక్ష చేయించిన డాక్టరు, కానమైసిన్ ఈ బాక్టీరియా మీద పనిచేయడం లేదని అరవంలో నిదానంగా చెప్పాడు. పుండుకు ఏం వాడారని అడిగాడు. నాయన మంచం మీంచే పొడి పేరు చెప్పి, అది మా అంగడి సరుకేనన్నాడు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా వినిపించింది. నేనేం చదువుతున్నానని డాక్టరు నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన పరీక్ష కాగితం నా చేతికిచ్చాడు.

ఆ పరీక్ష మందు పనిచేయదని మాత్రమే చెబుతుంది, ఏ ఎంజైము దాన్ని చెడగొట్టిందో చెప్పదు. కాబట్టి నా దగ్గర రుజువు లేదు. కానీ నియోమైసిన్, కానమైసిన్ ఒకే కుటుంబపు మందులు. ఒకదానికి ఫాస్ఫేటు తగిలించే ఎంజైము రెండోదాన్నీ వదలకపోవచ్చు. అరకొరగా చల్లిన పొడి లొంగేవాటిని చంపి, లొంగనివాటికి చోటు ఖాళీ చేసి ఉంటుంది.

మందు మార్చారు. పాదం దక్కింది, బొటనవేలు దక్కలేదు.

అంగడికి తిరిగి వచ్చాక నాయన అట్టలు కత్తిరించడం మానేశాడు. చాలా ఏళ్లుగా మా దగ్గరే కొనే పూలమ్మే ఆమె ఒకరోజు బిడ్డకు జ్వరమని వచ్చింది. నాయన చీటీ అడిగాడు.

“మొన్నటిదాకా ఇచ్చింది నువ్వే కదన్నా? అప్పుడు లేని చీటీ ఇప్పుడేంది?”

నాయన ఆమెను డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. ఆమె వెళ్లిపోయాక ఆయన కట్టు కట్టిన కాలు స్టూలు మీదికి ఎత్తుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

“నాతో వాదించింది చాల్లే, అమ్మణ్ణీ. చీటీ లేకుండా అడిగేవాళ్లకు చెప్పు పో.”

అందుకే మీకు చెబుతున్నాను. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడగకండి. డాక్టరు ఎన్నాళ్లు వాడమంటే అన్నాళ్లూ వాడండి, ఒళ్లు బాగుందని మీ అంతట మీరు మానేయకండి. మిగిలినవి ఇంకొకరికి ఇవ్వకండి. మీ అంగడివాడు మొహమాటానికి కత్తెర తీస్తే, దయచేసి, వద్దని మీరే చెప్పండి.