మరియమ్మ గారి పాదులు

పదేళ్ళకు పైగా నేనొక పొగడ్తను మోస్తున్నాను. నిందలు మోసేవాళ్ళు మీకు తెలిసే ఉంటారు. పొగడ్త బరువేమిటి, విడ్డూరం కాకపోతే, అనుకుంటున్నారా? అది మనది కానప్పుడు బరువేనండీ. సభల్లో ఎవరైనా ఆ ‘పాదుల’ ఊసెత్తి నన్ను మెచ్చుకుంటే తల వంచుకుంటాను. అందరూ అది వినయం అనుకుంటారు. నాకు మాత్రం సిగ్గు.

నా పేరు ఇక్కడ రాయను. రాయకూడని చోట ఇప్పటికే చాలాసార్లు రాసుకున్నాను.

నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. పిల్లల చేత కుండా, మామిడికాయా, గులాబీ పువ్వూ గీయించడం నా ఉద్యోగం. తొంభైల మొదట్లో పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో కాన్సెప్చువల్ ఆర్ట్ గురించి ఒక వ్యాసం ఉంది. ఒక ఫ్రెంచాయన మగవాళ్ళ మూత్రశాలలో బిగించే పింగాణీ తొట్టి కొని, సంతకం పెట్టి, ప్రదర్శనకు పంపాడట. చాలా ఏళ్ళ తర్వాత ఒక అమెరికా ఆయన ఒక కుర్చీని, దాని ఫొటోని, నిఘంటువులో ఆ మాటకున్న అర్థాన్ని పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది కుర్చీ అని అడిగినట్టు ఊరుకున్నాడట. ఇంకొకాయన గోడ మీద గీతలు ఎలా గీయాలో కాగితం మీద రాసిస్తాడు, గీసేది వేరేవాళ్ళు. ఒక జపాను ఆవిడైతే రెండు మూడు వాక్యాలు రాసి, మిగతాది చదివినవాళ్ళ మనసుకే వదిలేస్తుంది. ఇందరూ చెప్పేది ఒకటే. గీసిన చెయ్యి ముఖ్యం కాదు, పుట్టిన ఆలోచనే అసలు బొమ్మ.

నాకు పండగలా అనిపించింది. నా చెయ్యి గొప్పది కాదని నాకెప్పుడో తెలుసు మరి. ఇక ఆలోచన ఒక్కటి వస్తే చాలు. అదే రాలేదు. ఒకసారి స్టాఫ్‌రూములో కుర్చీ పక్కన కుర్చీ బొమ్మ పెట్టి చూశాను. హెడ్మాస్టరు గారు వచ్చి, ఆ కుర్చీలోనే కూర్చుని టీ తాగి వెళ్ళిపోయారు.

అప్పుడు తుఫాను వచ్చింది. మా వైపు కొబ్బరితోటలు తోటలే పడిపోయాయి. కొబ్బరిపీచు పనికి వెళ్ళే మరియమ్మ గారి దొడ్లో పదకొండు చెట్లుండేవి. ఒక్కటీ మిగల్లేదు. మొద్దులు కూడా పెళ్ళగించి తీసుకుపోయారు. తర్వాతి ఎండాకాలంలో సైకిలు మీద అటు వెళుతూ దిగిపోయాను. చెట్టు మొదట్లో నీళ్ళు నిలవడానికి గుండ్రంగా తవ్వే పాదులు, పదకొండూ అలాగే ఉన్నాయి. గడ్డి పీకి, గట్టు కట్టి, నిండా నీళ్ళు పోసి ఉన్నాయి. మధ్యలో చెట్లు మాత్రం లేవు. కొమ్మల చాటున ఏనాడూ ఆకాశం కనపడని ఆ దొడ్లో ఒక్కో పాదులో ఒక్కో ఆకాశం ఉంది.

“చెట్లు లేవు కదమ్మా, పాదులెందుకు?” అని అడిగాను.

“ఆయ్, లేవండి. చెట్టు పోయిందని చోటు కూడా పోవాలేంటండీ మేష్టారూ? ఏది ఎక్కడ నించుందో మర్చిపోకూడదు కదండీ. పొద్దున్నే నీళ్ళు పోస్తే గానీ నాకు తోచదండి.”

నేను ఏళ్ళ తరబడి వెతికినదాన్ని ఆవిడ బిందె చంకన పెట్టుకుని చెప్పేసింది.

మర్నాడు రాజోలులో స్టూడియో ఆయన దగ్గర కెమెరా అడిగి తెచ్చాను. “నష్టపరిహారానికాండీ ఫొటోలు?” అంది ఆవిడ. ఆ రోజుల్లో ఫొటో అంటే అందరికీ అదే. కాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? “చూద్దాం లెండి” అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి మొదటి పాదు పక్కన నిలబడింది. పడిపోయిన చెట్ల పక్కన ఊళ్ళో అందరూ అలాగే నిలబడి ఫొటో తీయించుకున్నారు.

“కొంచెం పక్కకి జరగండమ్మా, మీ నీడ పడుతోంది.”

“ఆయ్” అని జరిగింది. అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఏ నీడా పడటం లేదు.

ఆ ఫొటోలు హైదరాబాదు ప్రదర్శనకు వెళ్ళాయి. ‘చెట్టు పోయినా చోటు’ అని పేరు పెట్టాను, కింద నా పేరు. బహుమతి వచ్చింది, ఉపన్యాసాలకు పిలుపులొచ్చాయి, పెద్ద కాలేజీలో ఉద్యోగం కూడా వచ్చింది. నాకు నేను ఎంత బాగా సర్ది చెప్పుకున్నానో! కుర్చీ ఆయన ఆ కుర్చీని తయారు చేశాడా? గోడ మీద గీతలు ఆయన గీశాడా? మరియమ్మ గారిది ఒట్టి చెయ్యి, కళగా చూసిన కన్ను నాది అనుకున్నాను. నిజానికి ఆలోచన ఆవిడది, చేత ఆవిడది, పేరులోని మాట కూడా ఆవిడదే. ఏ సిద్ధాంతం అడ్డం పెట్టుకుని తప్పించుకున్నానో, దాని ప్రకారమే చూసినా కళాకారిణి ఆవిడే. ఈ సంగతి పాఠాలు చెప్పుకునేవాడికి తెలియదా? మొదటి రోజునే తెలుసు.

ఈ మధ్య ఒక ప్రచురణకర్త విద్యార్థుల కోసం ఈ కళ మీద తెలుగులో చిన్న పరిచయ పుస్తకం రాయమన్నారు. పింగాణీ తొట్టి, కుర్చీ, గోడ గీతలు హాయిగా రాసేశాను. చివరి అధ్యాయంలో “మన ప్రాంతపు తొలి ప్రయత్నంగా మీ పాదుల గురించే రాయండి” అన్నారు. కలం కదల్లేదు. పిల్లలు చదువుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాస్తానా?

పోయిన నెల బస్సెక్కి వెళ్ళాను. మరియమ్మ గారు జుట్టంతా నెరిసి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఏదీ దాచకుండా చెప్పాను.  అంతా విని, “మేష్టారు ఫొటోలు పంపేరు కదా, పరిహారం వస్తుందని రెండేళ్ళు మండలాఫీసు చుట్టూ తిరిగేనండి” అన్నారు. అది నాకు తెలియదు. నేను దొంగిలించింది ఒక ఆలోచనే అనుకుంటూ వచ్చాను.

తర్వాత ఫొటోలు చూపించమన్నారు. ఒక్కొక్కటీ దూరంగా పట్టుకుని చూసి, ఒకదాని దగ్గర ఆగారు. “దీని గట్టు సరిగ్గా రాలేదండి. ముందే చెప్తే బాగు చేద్దును కదండీ.” నా ఎదురుగా ఉన్నది తన పనిని తూకం వేసుకుంటున్న కళాకారిణి. ఏడుపు ఆగలేదు. క్షమించానని ఆవిడ అనలేదు. అడిగే మొహం నాకూ లేదు. పుస్తకంలో ఆవిడ పేరు వేస్తానంటే మాత్రం ఇంటిపేరుతో సహా చెప్పి, రాశాక రెండుసార్లు చదివించుకున్నారు.

ఈ పుస్తకం వస్తుందో రాదో, వచ్చాక నన్ను ఎవరైనా సభలకు పిలుస్తారో లేదో తెలియదు. చివరి అధ్యాయం మాత్రం నిన్న పంపేశాను. అది ఇలా మొదలవుతుంది: “ఈ పాదులు మరియమ్మ గారివి. ఆవిడను ఫొటోలోంచి పక్కకి జరిపింది నేను.” పంపేముందు పైకి చదువుకున్నాను.  ఇన్నేళ్ళ నా రాతల్లో అచ్చంగా నాది అనిపించిన మొదటి మాట అదే.