మామగారి నాలుగు దగ్గులు

పొద్దున్న లేవగానే ఎవరైనా దేవుణ్ణి తలుచుకుంటారు, లేకపోతే టీని తలుచుకుంటారు. ఆ ఇంట్లో మామగారు మాత్రం మంచం దిగకముందే హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఫోనుకు వచ్చిన ప్రతి వీడియోలోంచీ శబ్దాన్ని విడదీసి దాచుకుంటారు. బొమ్మతో ఆయనకు పని లేదు. శబ్దం కావాలి. అదీ కుదించకుండా, చుక్క తగ్గకుండా, నిండుగా. కుదించడమనే మాట వింటేనే ఆయనకు ఒళ్ళు కంపరం.

కోడలు కాపురానికి వచ్చిన రోజు బట్టలు సర్దుకుందామని బీరువా తెరిచి కొయ్యబారిపోయింది. చీరలుండాల్సిన అరల్లో హార్డ్ డిస్కులు! ఒక్కోదాన్ని మెత్తటి తువ్వాలులో చుట్టి, చంటిపిల్లలా పడుకోబెట్టి ఉంచారు.

"ఇవేంటి అత్తయ్యా?"

"మీ మామయ్య సంతానం," అన్నారు అత్తగారు. "నా చీరలు మంచం కింద ఉన్నాయి. నీవెక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం."

మామగారిది వేడుకలకు వీడియోలు తీసే దుకాణం. ఇంటి ముందుగదిలో దుకాణం, వెనకగది శబ్దానికి. ఆ గది గోడలకు పాత దుప్పట్లు కొట్టి ఉంటాయి. ఏ వీడియో అయినా ముందు దాని శబ్దాన్ని ఉన్నదున్నట్టు విడిగా తీసి భద్రం చేశాకే కత్తిరింపులు మొదలవుతాయి. భద్రం చేసినదాన్ని ఆయన ముట్టరు, ఎవర్నీ ముట్టనివ్వరు. కోతలూ కూర్పులూ అన్నీ నకలు మీదే. చుట్టాల పాపాయి తుమ్మిన వీడియో వచ్చినా దానికీ అదే మర్యాద.

"ఫోను తీసినప్పుడే కుదించేసింది కదా నాన్నా! ఇప్పుడు నువ్వు విప్పితే కొత్తగా ఏమొస్తుంది?" అని కొడుకు ఏడిపించేవాడు.

"పోయింది తిరిగి రాదురా. ఉన్నదాన్ని ఇంకోసారి నలపకూడదంటాను, అంతే."

ఈ పట్టింపు శబ్దంతో ఆగినా బాగుండేది. ఊరెళ్ళేటప్పుడు పెట్టె మూత పడకపోతే దానిమీద కూర్చుని మూయనివ్వరు. "కుదించకండి!" అని కేకపెట్టి, పరుగున వెళ్ళి ఇంకో పెట్టె తెస్తారు. ఒకసారి డాక్టరు "క్లుప్తంగా చెప్పండి" అన్నందుకు, నొప్పితో సహా లేచి వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఇంత చాదస్తం ఉన్న మనిషి తీసిన వీడియోలన్నిటిలోనూ ఒక విడ్డూరం. దగ్గులు! పెళ్ళయినా, పుట్టినరోజయినా మధ్యమధ్యలో "ఖళ్ ఖళ్" మంటూ ఒకే గొంతు. మామగారిదే. ఇంట్లో మాత్రం ఆయన దగ్గగా విన్న పాపాన ఎవరూ పోలేదు.

"ఏవండీ, అంత మంచి మైకులు కొన్నది లోకానికి మీ దగ్గు వినిపించడానికా?" అని అత్తగారు దెప్పేవారు. ఆయన తల గోక్కునేవారు.

కోడలి పెళ్ళి వీడియోలోనూ నాలుగు దగ్గులున్నాయి. మొదటి పెళ్ళిరోజుకు అందరినీ పిలిచి ఆ వీడియో వేద్దామనుకున్నారు.

"మామయ్యా, అసలు శబ్దం మీ దగ్గర ఉంది కదా. దగ్గులు తీసేసి అది పెట్టండి."

"ఉండనీ అమ్మాయ్. నాలుగు దగ్గులకే పెళ్ళి చెడిపోతుందా?"

"పాపాయి తుమ్మును పదిలంగా దాచారు, నా పెళ్ళి మీదేమో దగ్గారు!" కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారు కోడలి పక్షం చేరిపోయారు. "ఆయన్ని బతిమాలేదేమిటి, నువ్వే చెయ్. ఏడాదిగా ఆయన దగ్గర పని నేర్చుకున్నావుగా? సాయంత్రం మా చెల్లెళ్ళందరి ముందూ అసలుదే వేద్దాం."

మామగారు బజారుకు వెళ్ళగానే కోడలు వెనకగదిలో దూరింది. భద్రంగా ఉన్న శబ్దాన్ని తెచ్చి బొమ్మకు జతచేసింది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మొదటి దగ్గు ఉండాల్సిన చోటికి వెళ్ళింది. ఎవరో చెవిలో నోరు పెట్టి చెప్పినంత స్పష్టంగా ఒక ఆడగొంతు గుసగుసలాడింది.

"అత్తగారి చీర చూశావా? కిటికీ తెరలు కుట్టగా మిగిలిన గుడ్డలా లేదూ! కొడుకు పెళ్ళిలోనూ చెవులకు ఆ చిప్పలేంటే మామగారికి? అచ్చం వానాకాలం కప్ప! ఏ సర్కస్‌లో వచ్చి పడ్డానే తల్లీ!"

'ఎవత్తె ఇది? ఎంత పొగరు!' అని కోడలు మండిపడింది. మళ్ళీ విన్నది.

ఆ గొంతు తనదే. పక్కనున్న స్నేహితురాలితో అన్న మాటలు. పూలకుండీలో మైకు ఉందని పెళ్ళికూతురికి ఎవరు చెబుతారు?

సాయంత్రం ఇది అత్తగారి చెల్లెళ్ళ మధ్య గదంతా మోగితే? ఇంకేమైనా ఉందా! హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని తల తిప్పేసరికి గుమ్మంలో మామగారు, చేతిలో సంచీతో.

"విన్నావా?"

ఆయన కంగారుగా తెర దగ్గరికి వచ్చారు.

"కుదించలేదు కదా?"

"లేదు మామయ్యా..."

"హమ్మయ్య!" అని కుర్చీలో కూలబడ్డారు.

"మామయ్యా, ఆ రోజు నేను... మిమ్మల్ని..."

"కప్పకు పైకి పొడుచుకొచ్చే చెవులే ఉండవమ్మా. పోలిక కుదరలేదు. చీర సంగతంటావా, నేనూ అదే అనుకున్నాను. మైకుకు దూరంగా ఉన్నాను కాబట్టి బతికిపోయాను."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అయితే అందరి వీడియోల్లోనూ ఈ దగ్గులు..."

"పెళ్ళంటే మాటలా? ఆకలి, అలసట, కరిచే చెప్పులు. నోరు ఊరుకుంటుందా? ఒక్క మాట చాలు, రెండిళ్ళు విడిపోవడానికి. చెరిపేద్దామంటే నాకు చేతులు రావు. అందుకని నకలు మీద దగ్గుతాను."

"మరి మిగతా మూడు దగ్గులు?"

అంతలో వంటింట్లోంచి అత్తగారి కేక వినిపించింది. "అమ్మాయ్! దగ్గులు పోయాయా?"

మామగారు వంటింటి వైపు చూశారు. కోడలి వైపు చూశారు. తర్వాత పైకప్పు వైపు చూశారు. కోడలికి అర్థమైపోయింది. మూడా! తను ఒక్కసారి నోరు జారితే, ఆవిడ మూడుసార్లా! చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది.

"వినాలంటే విను. నీ పెళ్ళే, అడ్డుపడను," అన్నారు మామగారు మెల్లగా. "ఒకసారి విన్నాక మాత్రం దాన్ని చెవిలోంచి తీసే యంత్రం నా దగ్గర లేదు."

కోడలు మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత మెడలోని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"పోలేదత్తయ్యా!" అని గొంతెత్తి చెప్పింది. "అసలుదాంట్లోనూ ఉన్నాయి. మామయ్యకు ఆ రోజు నిజంగానే జలుబు!"

"నాకు తెలుసు! ఈ మనిషి ఏ రోజు ఏది సరిగ్గా చేశారు గనక!"

సాయంత్రం ఇల్లు నిండింది. మొదటి దగ్గుకు కోడలు తలొంచుకుంది. మిగతా మూడు దగ్గులకూ అత్తగారు మొగుణ్ణి చెడామడా తిట్టారు. మామగారు దగ్గులనూ తిట్లనూ ఒకే శ్రద్ధతో విన్నారు.

ఆ పెళ్ళయి ఇప్పటికి తొమ్మిదేళ్ళు. అత్తాకోడళ్ళు ఒకే వంటింట్లో వండుకుంటున్నారు.