ఆక్స్ కేబులుకు రెండో సంతకం

కొలోన్ శివార్లలో కార్ల వైరింగు తయారుచేసే ఒక కంపెనీలో, పరీక్షల విభాగం గ్రూపు లీడరుగా నా చివరి ఏడాది అది. నవంబరు నెల. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలున్నాయి.

కారు బానెట్ నుంచి డిక్కీ దాకా లోపల్లోపల పాకే వైర్లన్నిటినీ కలిపి కట్టిన కట్టను మా వృత్తిలో హార్నెస్ అంటారు. దాని చివర్లలో ప్లాస్టిక్ కనెక్టర్లు, వాటి గదుల్లో సన్నటి లోహపు పిన్నులు ఉంటాయి. ఏ వైరు ఏ గదిలోకి వెళ్లాలో చెప్పే డ్రాయింగు ఉంటుంది. ఒక్క పిన్ను పక్క గదిలోకి పోతే హారను నొక్కినప్పుడు వైపరు ఆడవచ్చు, ఏకంగా పొగే రావచ్చు. అందుకే కొత్త నమూనా ఏదీ రెండు సంతకాలు లేకుండా మా గది దాటదు. మొదటిది తయారుచేసినవారిది, రెండోది తనిఖీ చేసినవారిది. ఆ ఇద్దరూ ఒకరే కాకూడదు. జర్మన్లు దీన్ని నాలుగు కళ్ల నియమం అంటారు. ఈ విషయంలో నేను చండశాసనుణ్ణని పేరు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఒకసారి తానే చేసి తానే రెండు చోట్లా సంతకం పెడితే, ఆ కాగితాన్ని కూడా వెనక్కి పంపాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచుకోను.

మా కంపెనీ సాఫ్ట్‌వేర్ విభాగంలో పనిచేసే శ్రీనివాస్‌ది వరంగల్. ఒకరోజు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "సార్, మా మాధవి కారుకు ఆక్స్ లేదు. మీరేమన్న చెయ్యగల్గుతరా?" అని అడిగాడు. ఆక్స్ అంటే ఫోనులోని పాట కారు రేడియోలో మోగడానికి వైరు పెట్టుకునే చోటు. పాటల కోసం ఇంత దిగులు దేనికని నవ్వాను. అతను నవ్వలేదు.

అతని భార్య మాధవి దంతవైద్యురాలు. వరంగల్‌లో ఐదేళ్లు ప్రాక్టీసు చేసి వచ్చింది. జర్మనీలో డాక్టరుగా పన్ను ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతికి వైద్యుల భాషా పరీక్ష గట్టెక్కాలి. అందులో ఒకరు పేషెంటుగా నటిస్తూ గబగబా బాధ చెప్పుకుంటారు. అది విని, ప్రశ్నలడిగి, రాసి, పై డాక్టరుకు వివరించాలి. మొదటిసారి మాధవి ఆ మాటలు అందుకోలేకే తప్పింది. రెండోసారికి టెర్మిన్, అంటే పరీక్ష తేదీ, మూడు వారాల్లో ఉంది. తాను సహాయకురాలిగా పనిచేస్తున్న క్లినిక్‌లోనే ఆమె కోసం డాక్టరు పోస్టు ఒకటి ఆపి ఉంచారు. ఈసారీ తప్పితే అది ఇంకొకరికి వెళ్లిపోతుంది.

వాళ్ల పై అంతస్తులో ఫ్రౌ లెంజ్ అని ఒక పెద్దావిడ, రిటైరైన బడి టీచరు. ఆవిడ మాధవి కోసం నలభై సంభాషణలు ఆమె ఫోనులోనే రికార్డు చేసి ఇచ్చారు. ఒకదాంట్లో కోపిష్టి పేషెంటు, ఒకదాంట్లో ఏడుపుగొట్టు పేషెంటు, ఒకదాంట్లో అచ్చమైన కొలోన్ యాస తప్ప ఇంకేదీ రాని పేషెంటు. వాటిని వినడానికి మాధవికి దొరికే సమయం క్లినిక్‌కు కారులో వెళ్లే నలభై నిమిషాలు, వచ్చే నలభై నిమిషాలు మాత్రమే. ఇంటికొస్తే ఐదేళ్ల పాప ఊపిరాడనివ్వదు. కారు పాతది, బ్లూటూత్ లేదు. సీటు మీద చిన్న స్పీకరు పెడితే బ్రేకు వేసినప్పుడల్లా కిందికి దొర్లేది. ఎఫ్‌ఎం ద్వారా రేడియోకి పంపే పరికరం కొన్నారు గాని, ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరక్క, ఫ్రౌ లెంజ్ పంటినొప్పి మధ్యలోకి ట్రాఫిక్ వార్తలు చొరబడేవి.

నాకిది చిటికెలో పని. ఆ కాలపు రేడియోల వెనక సీడీ ఛేంజరు కోసం ఒక సాకెట్ ఉండేది. డిక్కీలో కూర్చుని సీడీలు మార్చే ఆ పెట్టెను చాలామంది కొననే లేదు, సాకెట్ ఖాళీగా ఉండిపోయింది. దాని గదుల్లోకి ఎడమ శబ్దం, కుడి శబ్దం, ఎర్త్ అని మూడు వైర్లు ఇస్తే చాలు. రెడీమేడ్ కేబులు దుకాణంలో దొరుకుతుంది. కానీ ముప్పై నాలుగేళ్లు వైర్లతో బతికినవాడు కేబులు కొనుక్కోవడమంటే, వంటవాడి ఇంటికి భోజనం పార్సెల్ తెప్పించినట్టుంటుంది.

శనివారం పొద్దున మా భోజనాల బల్ల మీద పని మొదలుపెట్టాను. శబ్దం మోసే వైరుకు షీల్డు ఉండాలి, అంటే లోపలి తీగల చుట్టూ అల్లిన లోహపు జాలి. అది లేకపోతే ఇంజను కూత స్పీకర్లలో వినపడుతుంది. ఒక చివర ఫోనులోకి దిగే జాక్, రెండో చివర పిన్నులు. పిన్నును వైరుకు అతికించడానికి మేము టంకం వాడం. క్రింప్ చేస్తాం, అంటే ప్రత్యేకమైన పటకారుతో పిన్ను రెక్కల్ని వైరు చుట్టూ బిగించి నొక్కేస్తాం. టంకం పెట్టిన చోట వైరు బిరుసెక్కి, బండి కుదుపులకు విరుగుతుంది. గదుల అమరిక కోసం ఆ రేడియో డ్రాయింగు నెట్‌లో వెతికి ప్రింటు తీశాను. దాని ప్రకారం పిన్నుల్ని లోపలికి నెడితే టిక్కు టిక్కుమని కూర్చున్నాయి. జాక్ నుంచి బొమ్మలో చూపిన గది దాకా కరెంటు పారుతోందా అని మల్టీమీటరుతో ఒక్కో వైరూ చూశాను. మూడుసార్లూ బీప్ అంది.

"రెండో సంతకం ఎవరిదండీ?" అని మా ఆవిడ అడిగింది. ఏళ్ల తరబడి ఇంట్లో ఆ మాట విని విని ఆమెకు కంఠతా వచ్చేసింది. మూడు వైర్ల కేబులుకు కూడానా అని కొట్టిపారేశాను. చెప్పేవి శ్రీరంగనీతులు అనే సామెతలో రెండో సగం ఇక్కడ రాయను గాని, ఆ పూట అది నాకు అచ్చంగా సరిపోయింది.

మధ్యాహ్నం వాళ్ల అపార్ట్‌మెంట్ పార్కింగుకు వెళ్లాను. మాధవి కారు తాళాలతో కిందికి వచ్చింది. ఆ రకం రేడియో ముందు భాగంలో సన్నటి చీలికలుంటాయి. వాటిలో రెండు రేకు తాళాలు దూర్చి లాగితే పెట్టె మొత్తం బయటికి వస్తుంది. కేబులును డాష్‌బోర్డు వెనకనుంచి, కాగితాలు పెట్టుకునే అర కిందుగా తెచ్చాను. ఇనుప అంచులకు ఒరుసుకోకుండా, గలగలలాడకుండా గుడ్డ టేపు చుట్టాను. కనెక్టరును రేడియో వెనక సాకెట్‌లో బిగించి, జాక్ మాధవి చేతికిచ్చి ఫోనుకు పెట్టమన్నాను.

ఆమె ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో జాక్ పట్టుకుని, సీటు మీదున్న ప్రింటు కేసి చూస్తూ ఆగింది. "అంకుల్, ఈ బొమ్మ ఎటు నుంచి చూసి గీసిన్రు?" అంది.

నాకు చిరాకు వేసింది. కనెక్టరు బొమ్మ కనెక్టరు లాగే ఉంటుంది, నువ్వు పెట్టమ్మా అన్నాను. ఆమె పెట్టలేదు.

"కాదంకుల్, మాకు పేషెంటు ఎదురుంగ ఉంటడు. ఆయన కుడి పన్ను మా చార్టుల ఎడమకు వస్తది. థర్డియర్‌ల అది మర్చిపోయి తప్పు పన్ను ముట్టుకున్న, మా ప్రొఫెసర్ అందరి ముంగట దులిపేసిండు. అందుకే అడుగుతున్న. ఇది రేడియో దిక్కు నుంచి చూసిందా, వైర్ల దిక్కు నుంచి చూసిందా?"

ప్రింటు అందుకుని నాలుగు మూలలూ వెతికాను. మా ఆఫీసులో ప్రతి డ్రాయింగు మూలనా 'వైరు వైపు నుంచి' అనో 'ఎదుటి వైపు నుంచి' అనో రాసి ఉంటుంది. పరీక్షల బల్ల దగ్గర నాకు వచ్చేవన్నీ వైరు వైపు బొమ్మలే. ఈ నెట్ బొమ్మ మీద అలాంటి మాటేదీ లేదు. లేదని అప్పటిదాకా నేను గమనించనూ లేదు.

ఫోను పక్కన పెట్టమని చెప్పి, మల్టీమీటరు తీసి జాక్ కొనకూ కారు బాడీకీ మధ్య పెట్టాను. సున్నా చూపించాలి. పన్నెండున్నర వోల్టులు చూపించింది. బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేస్తే, నేను ఎడమ శబ్దం అనుకున్న గది, సీడీ ఛేంజరుకు ఎల్లప్పుడూ కరెంటిచ్చే గది. ఆ జాక్ ఫోనులోకి దిగి ఉంటే ఫోను అక్కడికక్కడే కాలిపోయేది. రికార్డింగులు ఇంకెక్కడైనా ఉన్నాయా అని అడిగాను. లేవంది. ఫ్రౌ లెంజ్ తుంటి ఆపరేషను చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నారు. మళ్లీ నలభైసార్లు పంటినొప్పి నటించే స్థితిలో లేరు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కనెక్టరును సాకెట్ నుంచి ఊడబీకాను.

మరి పొద్దుటి మూడు బీపులు? అవి అబద్ధం చెప్పలేదు. ఏ బొమ్మ చూసి పిన్నులు పెట్టానో, ఆ బొమ్మనే, ఆ వైపు నుంచే చూస్తూ తనిఖీ చేశాను. తప్పుకు తప్పే సాక్ష్యం చెప్పింది.

ముందు రికార్డింగులన్నీ ఇంట్లోని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయించాను. తర్వాత సన్నటి సూదితో పిన్నుల కొక్కేలు నొక్కి బయటికి లాగాను. కరెంటు గది ఏదో మల్టీమీటరు తేల్చింది కాబట్టి బొమ్మ ఎటువైపుదో ఇక అనుమానం లేదు. ఈసారి నేను వైరు వైపు నుంచి, మాధవి రేడియో వైపు నుంచి, ఒక్కో గదినీ వేలితో చూపిస్తూ పైకి చదివాం. క్లినిక్‌లో పన్ను తీసేముందు కూడా ఇట్లనే ఇద్దరూ పైకి చెప్పుకుంటారట. మళ్లీ కొలిస్తే సున్నా వచ్చింది. అయినా మొదట నా ఫోనే పెట్టి చూశాను.

తర్వాత ఆమె ఫోను పెట్టి, రేడియో మెనూలో ఆక్స్ ఎంచుకోగానే ఫ్రౌ లెంజ్ గొంతు కారంతా నిండింది. మూడు రోజులుగా నిద్ర లేదని, ఇంతకుముందు చూసిన డాక్టరు ఒట్టి దద్దమ్మ అని కొలోన్ యాసలో తిట్టడం మొదలుపెట్టారు. మాధవి అక్కడే స్టీరింగు ముందు కూర్చుని, మందులేవైనా పడవా అని జర్మన్‌లో ఆ గొంతుకు ఎదురు ప్రశ్న వేసింది.

మూడు వారాల తర్వాత పరీక్ష పాసైంది. "అంకుల్, ఆ పేషెంటు మన ఫ్రౌ లెంజ్ ముంగట ఎంత!" అని ఫోనులో చెప్పింది. నాకు చాలా సంతోషమేసింది. ఆ పోస్టు ఆమెకే వచ్చింది.

అంతకంటే ముందే, కేబులు పెట్టిన మరుసటి సోమవారం, మా గ్రూపు సమావేశంలో జరిగిందంతా చెప్పాను. నేను వెనక్కి పంపిన కాగితాన్ని డిపార్ట్‌మెంట్ హెడ్ మర్చిపోలేదు, చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వుకు నేను అర్హుణ్ణే. తర్వాత మా తనిఖీ పత్రంలో రెండు మార్పులు చేశాం. డ్రాయింగు ఎటువైపు నుంచి చూసినదో తయారుచేసినవారు రాయాలి. తనిఖీ చేసేవారు దాన్ని చూడకుండా, కస్టమరు పంపిన అసలు కాగితం నుంచి ఆ సంగతి సొంతంగా తేల్చుకోవాలి. ప్రతిపాదించినవారు అనే గడిలో 'దంతవైద్యురాలు' అని రాశాను. పొరపాటున రాశారా అని క్వాలిటీ విభాగం నుంచి ఫోను వచ్చింది. కాదు, అలాగే ఉంచండి అన్నాను.

నాలుగు కళ్ల నియమాన్ని ఏళ్ల తరబడి ఇతరుల చేత పాటింపజేశాను గాని, అందులో కళ్ల సంఖ్యనే లెక్కపెట్టాను. ఒకే చోట నిలబడి ఒకే కాగితం చూస్తే నాలుగు కళ్లయినా రెండు కళ్ల కిందే లెక్క. తనిఖీ చేసేవారు ఎదురుగా నిలబడాలి.